ఆ చుక్కల్లో కదిలేది ఏది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గ్రహశకలాల మీదే, అంటే గ్రహాల్లాగే సూర్యుడి చుట్టూ తిరిగే చిన్న రాతి గోళాలు, ముక్కల మీదే. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన చోట అన్నీ కలిపి ఒకటిగా రాశాను. కొన్నిటికి పెద్ద జవాబు తప్పలేదు, కొన్నిటికి రెండు ముక్కలు చాలు.

ప్రశ్న: మేడమ్, వెస్టా అనే గ్రహశకలం ఎక్కడుందో ఫోన్‌లోని యాప్‌లో చూసి, సరిగ్గా అటే నా 10×50 బైనాక్యులర్ తిప్పాను. అక్కడ ఒకే రకంగా మెరిసే చుక్కలు ఇరవై దాకా ఉన్నాయి. వాటిలో వెస్టా ఏదో ఎలా తెలుస్తుంది? ఆకారంలోనో రంగులోనో తేడా ఉండదా?

జవాబు: ఉండదండీ. వెస్టా అడ్డుకొలత సుమారు 525 కిలోమీటర్లు. వినడానికి పెద్దదే. కానీ మనకు బాగా దగ్గరికి వచ్చినప్పుడు కూడా అది 17 కోట్ల కిలోమీటర్ల అవతలే ఉంటుంది. అంత దూరం నుంచి చూస్తే దాని వెడల్పు ఒక ఆర్క్‌సెకను కూడా రాదు. ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. కాబట్టి మీ బైనాక్యులర్‌లోనే కాదు, మామూలుగా ఇళ్లలో ఉండే టెలిస్కోపుల్లోనూ అది నక్షత్రం లాంటి చుక్కే. రంగు తేడా కంటికి ఆనదు.

చూడగానే పట్టేద్దామన్న ఆశ వదిలేయండి. వెస్టాను పట్టిచ్చేది దాని నడక ఒక్కటే. చుట్టూ ఉన్న నక్షత్రాలు ఒకదానికొకటి ఎక్కడివక్కడే ఉంటాయి, అది మాత్రం జరుగుతుంది. అంచేత ఇది ఒక్క రాత్రితో తేలే పని కాదు. మొదటి రాత్రి చేయాల్సింది వెతకడం కాదు, గీయడం.

ఎలా గీయాలో చెబుతాను. తెల్ల కాగితం మీద 8 సెంటీమీటర్ల అడ్డుకొలతతో వలయం గీయండి. మీ బైనాక్యులర్‌లో ఒకేసారి కనిపించే ఆకాశం దాదాపు ఆరున్నర డిగ్రీలు, ఆ వలయం దానికి గుర్తు. సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున ఉన్న రోజుల్లో వెస్టా రోజుకి డిగ్రీలో నాలుగో వంతు కదులుతుంది. అంటే చంద్రబింబం వెడల్పులో సగం. మీ కాగితం మీద అది 3 మిల్లీమీటర్లు. పెన్సిల్ చుక్కను 3 మిల్లీమీటర్ల తేడా తెలిసేంత జాగ్రత్తగా పెట్టాలంటే ఇరవై చుక్కలూ గీస్తూ కూర్చోకూడదు. యాప్ చూపించిన చోటికి దగ్గరగా, కంటికి ఏదో ఒక ఆకారంగా తోచే నాలుగైదు నక్షత్రాలు ఎంచుకోండి. ముందు వాటిని పెట్టి, ఆ తర్వాతే వాటి మధ్యలో, పక్కల్లో ఉన్న మసక చుక్కల్ని చేర్చండి. రెండు నక్షత్రాలను కలిపే గీతకు ఆ చుక్క ఏ పక్కన ఉంది, ఎంత ఎడంగా ఉంది అన్నది చూసుకుని పెడితే చెయ్యి తప్పదు. కాగితం మూల తేదీ, గంట, నిమిషం వేయండి.

రెండో రాత్రి అదే గంటకు చూడండి. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, తూర్పున పొడిచేటప్పుడు ఉన్న ఆకారం పడమటికి వాలేసరికి పక్కకు ఒరిగిపోతుంది. నక్షత్రాలు అవే అయినా నిన్న పైన ఉన్నది ఇవాళ ఎడమకు వస్తుంది, గీసిన బొమ్మ మీద మీకే అనుమానం పుడుతుంది. మబ్బు పట్టి ఒక రాత్రి పోతే దిగులు పడకండి, మూడో రాత్రికి 6 మిల్లీమీటర్లు జరిగి ఉంటుంది. ఇంకా మంచిదే.

మా మేనకోడలు తొమ్మిదో తరగతిలో గీసిన కాగితం ఇప్పటికీ నా నోటుబుక్కులో అంటించి ఉంది. నాలుగు నక్షత్రాలు గాలిపటం ఆకారంలో ఉన్నాయి, తోక వైపు చివరి నక్షత్రం కింద ఒక మసక చుక్క. రెండో కాగితంలో ఆ చుక్క తోకను దాటి అవతలి పక్కకు పోయింది. మిగతావి ఏవీ కదల్లేదు. దాని చుట్టూ సున్నా చుట్టి, బాణం గుర్తు వేసి, పక్కన “అత్తా, ఇదే!” అని రాసింది. యాప్ తెరిచి సరిచూద్దామంటే అక్కర్లేదంది. నాకూ అక్కర్లేదనిపించింది. తెర మీది బాణాన్ని నమ్మి “చూశాను” అనుకోవడం కంటే ఈ పద్ధతే గట్టిదని నా అభిప్రాయం. తనంతట తానే గురిపెట్టే టెలిస్కోపు ఉన్నవాళ్లకూ ఇదే చెబుతాను. అది మిమ్మల్ని ఆ చోటికి తీసుకెళ్తుంది గానీ అక్కడున్న వాటిలో ఏది గ్రహశకలమో చెప్పదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. యాప్‌లో ఎంత మసక నక్షత్రం దాకా చూపించాలో మనమే నిర్ణయించే వీలుంటుంది. ఆ రాత్రి వెస్టా మాగ్నిట్యూడ్ (వెలుగును చెప్పే అంకె) ఎంతో చూసి, అంతకంటే ఒకటి ఎక్కువ దగ్గర ఆపండి. మాగ్నిట్యూడ్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుందని మరిచిపోకండి. ఇలా ఆపకపోతే తెర మీద వెయ్యి చుక్కలు, కళ్లముందు ఇరవై. రెండోది, కన్ను పెట్టే చోట వాలు అద్దం తగిలించిన దుర్భిణిలో కుడిఎడమలు తారుమారవుతాయి, కటకానికి బదులు అద్దంతో వెలుగు పోగుచేసే న్యూటన్ రకం టెలిస్కోపులో బొమ్మ తలకిందులవుతుంది. బైనాక్యులర్‌తో ఆ బాధ లేదు. మొదటిసారి బైనాక్యులరే వాడమనడానికి నాకున్న కారణాల్లో ఇదొకటి.

ప్రశ్న: గ్రహశకలాల్లో ఒకటైన సెరెస్ వెస్టా కంటే చాలా పెద్దదని చదివాను. మరి అందరూ వెస్టానే ముందు చూడమంటారెందుకు?

జవాబు: సెరెస్ అడ్డుకొలత దాదాపు 940 కిలోమీటర్లు, నిజమే. కానీ దాని నేల నల్లన. మీద పడిన వెలుగులో సుమారు 9 శాతమే వెనక్కి పంపుతుంది, వెస్టా 40 శాతానికి పైగా పంపుతుంది. పైగా వెస్టా సూర్యుడికి, మనకు కూడా మరికాస్త దగ్గర. అందుకే అనుకూలమైన ఏడాదిలో వెస్టా 5.3 మాగ్నిట్యూడ్ దాకా వస్తుంది, బాగా చీకటిగా ఉన్న చోట పదునైన కంటికి ఏ సాయమూ లేకుండా ఆనుతుంది. సెరెస్ ఎంత బాగా వచ్చినా 7కి అటూ ఇటూగానే ఉంటుంది. వెస్టా సూర్యుడికి ఎదురు దిక్కుకు దాదాపు పదహారు, పదిహేడు నెలలకోసారి వస్తుంది, అన్నిసార్లూ ఇంత వెలుగుతో కాదు.

ప్రశ్న: రెండు వారాలు వరసగా గీశాను. వెస్టా నక్షత్రాల మధ్య తూర్పుకు కాకుండా పడమటికి పోతోంది. నా బొమ్మలు తప్పా?

జవాబు: మీ బొమ్మలు చక్కగా ఉన్నాయి. గ్రహం వక్రించడం అంటారే, అదే ఇది. వెస్టా సెకనుకు 19 కిలోమీటర్ల చొప్పున నడుస్తుంటే భూమి దాదాపు 30 కిలోమీటర్ల చొప్పున లోపలి దారిలో దాన్ని దాటిపోతోంది. దాటుతున్నంతసేపూ అది వెనక్కి పోతున్నట్టే ఉంటుంది. ఎదురు దిక్కుకు వచ్చే రోజుకి అటో నెలన్నర, ఇటో నెలన్నర ఈ నడక ఉంటుంది. మొదట్లోనూ చివర్లోనూ కొన్ని రోజులు కదలకుండా నిలబడిపోయినట్టు కనిపిస్తుంది. ఆ రోజుల్లో మాత్రం నేను చెప్పిన రెండు రాత్రుల పద్ధతి పనికిరాదు, వారం ఆగాలి.

ప్రశ్న: ఒక యాప్ ఒక చోట, ఇంకో వెబ్‌సైట్ మరో చోట చూపిస్తున్నాయి. అసలు ఈ స్థానాలు ఎవరు లెక్కిస్తారు, ఎలా? ఏది నమ్మాలి?

జవాబు: లెక్కకు మూలం ఆరు అంకెలు. కక్ష్య ఎంత పెద్దది, ఎంత సాగి ఉంది, భూమి తిరిగే తలానికి ఎంత వాలి ఉంది, ఆ తలాన్ని ఎక్కడ దాటి పైకి వస్తుంది, సూర్యుడికి అతి దగ్గరి చోటు ఎటు ఉంది, ఫలానా తేదీకి గ్రహశకలం ఆ దారిలో ఎక్కడ ఉంది. ఈ ఆరూ తెలిస్తే ఏ రోజుకైనా స్థానం కట్టవచ్చు. కాకపోతే గురుగ్రహం లాంటివి లాగుతూ ఉంటాయి కాబట్టి ఆ ఆరు అంకెలూ మెల్లగా మారిపోతుంటాయి. అందుకే ప్రతి 200 రోజులకూ కొత్త తేదీకి సరిచేసి ప్రచురిస్తారు. మీ యాప్ ఎప్పుడో నాలుగేళ్ల కిందటి అంకెలతో నడుస్తుంటే తేడా రాక మానదు. స్టెల్లేరియం అనే ఆకాశ పటాల సాఫ్ట్‌వేర్‌లో సోలార్ సిస్టమ్ ఎడిటర్ అనే ప్లగిన్ ఉంది, దానితో గ్రహశకలాల కొలతలన్నీ చేరే మైనర్ ప్లానెట్ సెంటర్ నుంచి తాజా అంకెలు తెచ్చుకోవచ్చు. నాసా వారి జేపీఎల్ ప్రయోగశాల నడిపే హొరైజన్స్ వెబ్‌సైట్‌లో అయితే మీరున్న చోటి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే గంటగంటకూ విషువాంశ, క్రాంతి (ఆకాశంలో చోటును చెప్పే రెండు కొలతలు) వచ్చేస్తాయి. నేను నమ్మేది దాన్నే. అందులో సమయం మామూలుగా యూనివర్సల్ టైమ్‌లో, అంటే గ్రీనిచ్ సమయంలో ఉంటుంది, మీ గడియారానికి మార్చుకోవాలి. వెస్టా విషయంలో ఆరు గంటలు పొరపాటు పడినా చంద్రబింబంలో ఎనిమిదో వంతే తేడా. భూమి పక్కనుంచి దూసుకుపోయే వాటి విషయంలో ఆరు నిమిషాలు పొరపాటు పడినా ఆశ వదులుకోవాల్సిందే.

ఈ లెక్క మొదట ఎలా పుట్టిందో చెప్పకుండా ఉండలేను. 1801 జనవరి 1 రాత్రి ఇటలీలోని పలేర్మోలో జుసెప్పె పియాజి అనే ఖగోళ శాస్త్రవేత్త వృషభ రాశిలోని నక్షత్రాల స్థానాలు కొలుస్తున్నాడు. ఒక మసక చుక్క స్థానం రాసుకున్నాడు. మర్నాడు చూస్తే అది రాసుకున్న చోట లేదు, కాస్త జరిగింది. నేను పైన చెప్పిన పెన్సిలు పద్ధతే, కాకపోతే ఆయన దగ్గర అద్భుతమైన కొలత పరికరం ఉంది. అదే సెరెస్. ఫిబ్రవరి 11 దాకా కొలిచి జబ్బుపడ్డాడు. ఈలోగా సెరెస్ సూర్యుడి వెలుగులో మరుగైంది. చేతిలో ఉన్నదల్లా ఆకాశంలో 3 డిగ్రీల ముక్క మాత్రమే. ఆ ముక్కతో మొత్తం కక్ష్య ఎలా కట్టాలో అప్పటికి ఎవరికీ పాలుపోలేదు. 24 ఏళ్ల జర్మన్ గణిత శాస్త్రవేత్త గౌస్ కట్టాడు. ఆయన చెప్పిన చోటికి దగ్గర్లోనే ఆ ఏడాది డిసెంబరు 31న ఫాన్ జాఖ్, ఓల్బర్స్ అనే ఖగోళ పరిశీలకులు సెరెస్‌ను మళ్లీ పట్టుకున్నారు. వెస్టాను 1807లో కనిపెట్టింది కూడా ఈ ఓల్బర్సే. కంప్యూటరు చేసే పని ఇవాళ వేగంలోనూ సూక్ష్మంలోనూ ఎక్కడికో పోయింది గానీ, కొద్దిపాటి కొలతల నుంచి దారి మొత్తం రాబట్టే ఆ ప్రశ్న మాత్రం అదే.

ప్రశ్న: భూమికి దగ్గరగా వెళ్లే గ్రహశకలాన్ని నేనూ, వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న మా అన్నయ్యా ఒకే సమయానికి చూస్తే ఒకే నక్షత్రం పక్కన కనిపిస్తుందా?

జవాబు: కనిపించకపోవచ్చు, అది ఎంత దగ్గరగా వచ్చిందన్న దాన్ని బట్టి. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూడండి, వెనక గోడ మీద వేలు అటూ ఇటూ గెంతుతుంది. మీ రెండు కళ్ల స్థానంలో మీరూ మీ అన్నయ్యా ఉన్నారు. వెస్టా లాంటి దూరపు వాటికి ఇద్దరి మధ్య ఎడం భూమి వెడల్పులో సగం ఉన్నా ఈ గెంతు ఎనిమిది ఆర్క్‌సెకన్లకు మించదు, పట్టించుకోనక్కర్లేదు. చంద్రుడంత దూరంలో అదే దాదాపు ఒక డిగ్రీ.

2029 ఏప్రిల్ 13ను గుర్తుపెట్టుకోండి. ఆ రోజు అపోఫిస్ అనే గ్రహశకలం భూమి ఉపరితలానికి సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తులో పోతుంది. టీవీ ప్రసారాలు పంపే భూస్థిర ఉపగ్రహాల కంటే కిందుగా అన్నమాట. ఢీకొనే ప్రమాదం ఏమీ లేదు. అంత దగ్గర్లో ఉన్నప్పుడు వెయ్యి కిలోమీటర్ల ఎడం ఉన్న ఇద్దరికి అది ఒకటిన్నర, రెండు డిగ్రీల తేడాతో కనిపించవచ్చు, అంటే మూడు నాలుగు చంద్రబింబాలంత. కాబట్టి “భూమి కేంద్రం నుంచి” అని లెక్కించి ఇచ్చిన పటం ఆ రాత్రి ఎందుకూ కొరగాదు, ఎవరి చోటికి వారు పటం తీసుకోవాలి. వెలుగు దాదాపు 3 మాగ్నిట్యూడ్ దాకా వస్తుంది కనుక యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో చాలా చోట్ల మామూలు కంటికే ఆనుతుంది. నడక వేగం గంటకు 40 డిగ్రీల దాకా చేరుతుంది, నిమిషం తిరక్కుండానే చంద్రబింబం వెడల్పు దాటేస్తుంది. దాని విషయంలో రెండో రాత్రి దాకా ఆగే పనే లేదు. మరో విశేషం, ఆ సందర్శన తర్వాత దాని ఆరు అంకెలూ మారిపోతాయి. ఇప్పుడు ఏడాదిలోపే సూర్యుణ్ణి చుట్టేస్తోంది, భూమి లాగుడుకు దారి పెద్దదై ఆ తర్వాత ఏడాదికి మించి పడుతుంది.

ప్రశ్న: 2024 వైఆర్4 అనే గ్రహశకలం భూమిని ఢీకొనే అవకాశం 1 శాతం అన్నారు, 2 అన్నారు, 3 దాటిందన్నారు, ఉన్నట్టుండి ఏమీ లేదన్నారు. శాస్త్రవేత్తలకే స్పష్టత లేదా, మనల్ని బెదరగొట్టారా?

జవాబు: రెండూ కాదు. కోపంగా రాసిన ఉత్తరం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 2024 డిసెంబరు 27న చిలీలో గ్రహశకలాలను వెతికే అట్లాస్ టెలిస్కోపు దాన్ని చూసింది. కొద్ది రోజుల కొలతలతో 2032 డిసెంబరు 22 దాకా దారి పొడిగిస్తే, ఆ రోజు అది “ఇక్కడ ఉంటుంది” అని ఒక చుక్క చూపించలేరు. “ఈ పొడవాటి, సన్నటి ప్రాంతంలో ఎక్కడో ఉంటుంది” అనే చెప్పగలరు. ఆ ప్రాంతంలో భూమి ఆక్రమించే వాటాయే మీరు విన్న శాతం. కొత్త కొలతలు వచ్చేకొద్దీ ఆ ప్రాంతం కుంచించుకుపోతుంది. భూమి ఇంకా దాని లోపలే ఉన్నంతకాలం, భూమి పరిమాణం తగ్గదు కాబట్టి వాటా పెరుగుతూ పోతుంది. 2025 ఫిబ్రవరి 18న 3.1 శాతం అయింది అలాగే. ఆ ప్రాంతం ఇంకాస్త కుంచించుకుని భూమి దాని అంచు దాటి బయటికి రాగానే వాటా కుప్పకూలింది, మరో వారం తిరక్కుండానే ప్రమాదం లేదని తేలిపోయింది. అంటే శాతం పెరిగిన రోజుల్లోనూ లెక్క మెరుగుపడుతూనే ఉంది. నన్నడిగితే పత్రికలు ఆ శాతంతో పాటు ఇంకా ఎన్ని కొలతలు రావాల్సి ఉందో కూడా రాయాలి.

కొలతలు సరిపోయినప్పుడు ఏమవుతుందో చూడండి. 2008 అక్టోబరు 6న అమెరికాలో గ్రహశకలాలను వెతికే కాటలీనా సర్వేలో రిచర్డ్ కోవాల్‌స్కీ సుమారు 4 మీటర్ల రాయి ఒకటి కనిపెట్టాడు, దాని పేరు 2008 టీసీ3. గంటల్లోనే చాలామంది కొలతలు పంపారు. మర్నాడు తెల్లవారుజామున అది చెప్పిన వేళకు, చెప్పిన చోట, సూడాన్ ఎడారి మీద గాల్లో పేలింది. ముక్కలు కూడా దొరికాయి.

ప్రశ్న: ఆ వైఆర్4, టీసీ3 ఏమిటి?

జవాబు: మొదటి అక్షరం కనిపెట్టిన పక్షాన్ని చెబుతుంది. ఏడాదిలోని 24 అరనెలలకు 24 ఇంగ్లీషు అక్షరాలు, ఐ, జెడ్ వాడరు. టీ అంటే అక్టోబరు మొదటి సగం, వై అంటే డిసెంబరు రెండో సగం. తర్వాతి అక్షరం, అంకె కలిసి ఆ పక్షంలో ఎన్నోదో చెబుతాయి. టీసీ3 అంటే 78వది.

ప్రశ్న: ట్రైపాడ్, కెమెరా ఉన్నాయి. నేను తీసిన ఫోటోలతో ఎవరికైనా ఉపయోగం ఉంటుందా?

జవాబు: ముందు మీకు ఉంటుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఐదారు సెకన్ల చొప్పున వెస్టా ఉన్న చోటు తీయండి. రెండు రాత్రుల ఫోటోలను నక్షత్రాలు కలిసేలా ఒకదాని మీద ఒకటి పెట్టి మార్చి మార్చి చూస్తే వెస్టా ఇటూ అటూ గెంతుతూ దొరికిపోతుంది.

ఇతరులకు ఉపయోగపడాలంటే చుక్క ఎక్కడుందో దాదాపు ఒక ఆర్క్‌సెకను లోపల చెప్పగలగాలి. దానికి ఆకాశంతో పాటు తిరిగే స్టాండు మీద టెలిస్కోపు, కెమెరా కావాలి. పావుగంట, ఇరవై నిమిషాల ఎడంతో మూడు ఫోటోలు తీసి, గైయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల స్థానాలతో పోల్చి, గ్రహశకలం స్థానం రాబట్టాలి. ఆస్ట్రోమెట్రికా లాంటి సాఫ్ట్‌వేర్లు ఈ పని చేసిపెడతాయి. ముందుగా బాగా తెలిసిన గ్రహశకలాలను కొలిచి మైనర్ ప్లానెట్ సెంటర్‌కు పంపితే, అవి సరిపోయాయనుకున్నప్పుడు మీ అబ్జర్వేటరీకి ఒక కోడ్ ఇస్తారు. ఆ తర్వాత మీ కొలతలూ కక్ష్యల లెక్కలోకి వెళ్తాయి.

అంత సరంజామా లేనివాళ్లకు మరో దారి ఉంది. గ్రహశకలం అప్పుడప్పుడు ఒక నక్షత్రానికి అడ్డం వచ్చి కొన్ని సెకన్లు దాన్ని కప్పేస్తుంది. నక్షత్రం ఏ క్షణాన ఆరింది, ఏ క్షణాన వెలిగింది అన్నది వేర్వేరు చోట్ల నుంచి పదిమంది నమోదు చేస్తే ఆ గ్రహశకలం ఆకారమే గీయవచ్చు. మీ చోట నక్షత్రం అసలు ఆరకపోయినా ఆ సంగతి కూడా పంపండి, నీడ అంచు ఎక్కడిదాకా వచ్చిందో దానివల్లే తెలుస్తుంది. గడియారాన్ని మాత్రం ఆ రాత్రే జీపీఎస్ సమయంతో సరిచేసుకోండి, సెకనులో పదో వంతు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది.